నీరు నిలవని మడి

సాంబయ్యకి గురువు చెప్పిన మాట ఏదీ నిలవదు. అదే అతని బాధ.

పొద్దున విన్నది మధ్యాహ్నానికి ఉండదు. చెవిలో పడుతుంది, లోపలికి దిగుతుంది, ఆ తర్వాత ఎటు పోతుందో అతనికే తెలియదు. ఏడాదిన్నరగా సిలారు తాత దగ్గర ఉంటున్నాడు. ఒక్క తత్వం కూడా చివరిదాకా పాడలేడు.

సిలారు తాత దూదేకుల ఇంట పుట్టినవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఏ పీరు దగ్గర ఏం విన్నాడో, ఒకరోజు దూదేకే విల్లుని దూలానికి తగిలించేసి, సముద్రం ఒడ్డున ఇసుక మెరక మీద గుడిసె వేసుకున్నాడు. ఆయన వెనక ఇంకో నాలుగు గుడిసెలు లేచాయి. అందరికీ ఆయన తాతే.

అక్కడ ఇసుక సముద్రం దగ్గర్నుంచి మూడు మెట్లుగా పైకి లేస్తుంది. సముద్రం ఒకప్పుడు పై మెట్టు దాకా ఉండేదట. వెనక్కి తగ్గుతూ ఒక్కో మెట్టూ వదిలేసి పోయిందట. అబద్ధమేమీ కాదు, పై మెట్టు మీద ఎక్కడ చెయ్యి పెట్టి గీకినా గవ్వ ముక్కలు వస్తాయి. కింది మెట్టు మీద సరుగుడు తోట, నడిమెట్టు మీద వేరుశనగ, పై మెట్టు మీద తాత నారుమళ్ళు. ఏటా అక్కడ మిరపనారు పోస్తారు. పడమటి నల్లరేగడి ఊళ్ళ వాళ్ళలో నారు చాలనివాళ్ళు బండ్లు కట్టుకొచ్చి తీసుకెళ్తారు.

సాంబయ్యది ఆ రేగడి ఊళ్ళలోనే ఒకటి. అతను ఇల్లు వదిలి వస్తున్నప్పుడు అక్క మొగుడు బసవయ్య వీధి గుమ్మంలో నిలబడి, నలుగురూ వినేలా అన్నాడు.

"చెంబెడు నీళ్ళు ఆపలేని నేల, అదీ ఒక నేలేనంట్రా? అక్కడికి పోయి ఏం నేర్చుకుంటావు? ఇసుక బొక్కటమా?"

ఆ మాట మాత్రం సాంబయ్యకి నిలిచింది. అలాంటివి ఎందుకో బాగా నిలుస్తాయి.

బేస్తవారం సాయంత్రం సాంబ్రాణి వేసి, ఒక్కొక్కరూ ఒక తత్వం పాడటం అక్కడి ఆచారం. ఆ వారం కూడా సాంబయ్య వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"పోసినవాడెవడో పోయెనన్నా
పోసిన నీరెటు పోయెనన్నా..."

అంతే. మూడో పాదం రాలేదు. ఎప్పుడూ అక్కడే ఆగుతాడు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

వంటలక్క నాంచారమ్మ నవ్వింది. ఆమెకి తత్వాలన్నీ వచ్చు. "ఎత్తుకోవటం బానే ఎత్తుకుంటాడు తాతా. దించటమే రాదు. బుర్రనిండా ఇసుకేనాయె."

అందరూ నవ్వారు. సాంబయ్య కూడా నవ్వాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు.

తెల్లవారి తాత దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నేను వెళ్ళిపోతా తాతా."

"ఎందుకురా?"

"నాంచారమ్మ అన్నది నిజం. నాది ఇసుక బుర్ర. మీరు పోసింది పోసినట్టే పోతంది. ఏడాదిన్నర మీ మాటలు పాడు చేశా. ఇంక చాలు."

ఆ ఇసుక మెరకని వదిలి ఎక్కడికి వెళ్ళాలో కూడా అతనికి తెలియదు. ఊరికి వెళ్తే బసవయ్య ఉన్నాడు.

తాత లోపలికి వెళ్ళి రెండు బిందెలు తెచ్చాడు. వాటి మూతికి చిల్లుల రేకు బిగించి ఉంటుంది, ఒంపితే నీళ్ళు జల్లులా పడతాయి. రెండూ సాంబయ్య చేతుల్లో పెట్టాడు.

"రేపు మిరప విత్తనం చల్లుదాం. నారు బండెక్కేదాకా నీళ్ళు పొయ్యి. నారుతో పాటు నువ్వూ బండెక్కి పోదువుగాని."

మొత్తం ఇరవై మళ్ళు. మళ్ళ పక్కన దొరువు. దొరువంటే బావి కాదు. ఇసుకలో మనిషి లోతు గుంట, లోపలికి ఏటవాలుగా నడిచి దిగే దారి. అక్కడ అంతకంటే లోతు తవ్వరు, తవ్వితే ఉప్పు నీళ్ళు తగులుతాయి. అందులోకి దిగాలి, రెండు బిందెలూ ముంచాలి, ఎక్కాలి, జల్లాలి, మళ్ళీ దిగాలి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత.

విత్తనానికి ముందు మళ్ళు తడపడానికే ఆ రోజు సాంబయ్యకి భుజాలు పడిపోయాయి. బిందె ఒంపీ ఒంపకముందే ఇసుక తాగేసేది. వెనక్కి తిరిగి చూస్తే మొదటి మడి అప్పుడే పొడిగా తెల్లగా ఉండేది. బిందెలు విసిరికొట్టాడు.

"ఈ నీళ్ళన్నీ ఎటు పోతన్నాయి తాతా?"

"దప్పికయిందా?" అన్నాడు తాత. దొరువులోకి దిగి తాటాకు దొన్నెతో నీళ్ళు ముంచి ఇచ్చాడు.

సాంబయ్య గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. "అది కాదు తాతా, నేనడిగింది..."

తాత అప్పటికే వెళ్ళిపోయాడు.

సాంబయ్యకి పంతం వచ్చింది. పుట్టింది రేగడి నేల మీద. నీళ్ళు ఆపటం వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. విత్తనం చల్లటం నాలుగు రోజులు ఆపమని బతిమాలి, కావడి భుజాన వేసుకుని మైలు దూరంలో ఉన్న కాలువకి వెళ్ళాడు. అడుగున ఉన్న నల్ల ఒండ్రు తట్టలకెత్తి మోసుకొచ్చాడు. పది మళ్ళలో జానెడు ఇసుక తీసి, కింద ఒండ్రు పరిచి, కాళ్ళతో తొక్కి, పైన మళ్ళీ ఇసుక కప్పాడు. చుట్టూ గట్టు కూడా పెట్టాడు. ఒక బిందె పోసి చూశాడు. నీళ్ళు నిలిచాయి. ఎండలో తళతళా మెరిశాయి. సాంబయ్యకి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

తాత వచ్చి బొటనవేలితో మడిలో నొక్కి చూశాడు.

"ఎవరు చేశారు?"

"నేనే తాతా. మిగతా పదీ కూడా ఇట్టాగే చేస్తా."

"అవి అట్టాగే ఉండనీ" అన్నాడు తాత.

ఇరవై మళ్ళలోనూ విత్తనం చల్లారు. ఇసుక మళ్ళకి రోజుకి రెండు విడతలు పోయాలి. ఒండ్రు మళ్ళకి మూడు రోజులకి ఒకసారి సరిపోయేది. నెల తిరిగేసరికి ఒండ్రు మళ్ళ నారు నిగనిగలాడుతూ నల్లపచ్చగా ఎదిగింది. ఇసుక నారు సన్నగా, పొట్టిగా ఉంది.

"ఏమో అనుకున్నాగానీ సాంబయ్యా, నీ చేతి నారు కళ్ళకి పండగలా ఉందిరా!" అంది నాంచారమ్మ.

సాంబయ్య ఛాతీ జానెడు పెరిగింది. వెళ్ళిపోయే ముందు గురువుకి ఒక్క విషయమైనా నేర్పి వెళ్తున్నాననుకున్నాడు. గురువుకి పాఠం చెప్పే రోజు కోసం ప్రతి శిష్యుడూ లోలోపల ఎదురుచూస్తాడు. ఎవరూ ఒప్పుకోరంతే.

ఇంకో పది రోజుల్లో నారు పీకుతారనగా వాయుగుండం పట్టింది. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ కుండపోత. గుడిసెల కప్పులు లేచిపోకుండా తాళ్ళు పట్టుకుని కూర్చున్నారు అందరూ. నాలుగో రోజు పొద్దున వాన వెలిసింది. సాంబయ్య మళ్ళ దగ్గరికి పరుగెత్తాడు.

అతని పది మళ్ళూ పది చెరువులై ఉన్నాయి. నల్లపచ్చటి నారు నీళ్ళలో వాలిపోయి ఉంది. ఒక మొక్కని పట్టుకుంటే మొదలు దగ్గర మెత్తగా తెగి చేతికొచ్చింది. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ అంతే. గట్టు మీద కూలబడి ఏడ్చాడు. నేర్చుకోవటం చేతకాలేదు సరే, ఉన్న నారు కూడా చంపుకున్నాడు.

ఏడ్చి ఏడ్చి కాసేపటికి తల ఎత్తాడు. అప్పుడు కనిపించింది. అవతలి పది మళ్ళూ.

లేచి అటు నడిచాడు. పాదానికి బురద అంటలేదు. మూడు రోజుల వాన కురిసిన నేల మీద చుక్క నీరు లేదు. కొన్ని ఆకులు గాలికి చిరిగాయి గానీ, సన్నటి ఆ పొట్టి నారంతా తల స్నానం చేసి ఎండలో నిలబడ్డట్టు నిటారుగా ఉంది. తాత అక్కడే ఉన్నాడు. వంగి ఒక మొక్కని మెల్లగా లాగాడు. ఇసుక దానంతటదే జారిపోయింది. జానెడు పొడవున తెల్లటి వేరు, ఒక్క పోగు తెగకుండా వచ్చింది. దాన్ని సాంబయ్య చేతిలో పెట్టి, రెండో చేతికి బిందె అందించాడు.

"నీళ్ళు తే."

"ఇంత వానయ్యాక నీళ్ళేంది తాతా?"

"పద."

దొరువు పై అంచు దాకా నిండి ఉంది. అడుగున గవ్వలు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా ఉన్నాయి నీళ్ళు. కింద సరుగుడు తోట అవతల సముద్రం ఇంకా ఉప్పు నురుగు కక్కుతోంది. తాత దొన్నె ముంచి ఇచ్చాడు. సాంబయ్య ఈసారి నెమ్మదిగా తాగాడు. కొబ్బరినీళ్ళంత తియ్యగా ఉన్నాయి. ఇంకో దొన్నె అడిగాడు.

"ఎటు పోతన్నాయని అడిగావుగా" అన్నాడు తాత. "ఇవే, నువ్వు పోసినవి."

ఆ రోజే సాంబయ్య పార పట్టాడు. ఒండ్రంతా తవ్వి తీసి కావడితో కాలువలోనే పోసి వచ్చాడు. ఆ పది మళ్ళలో మళ్ళీ విత్తనం చల్లాడు. ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు.

పడమటి దారుల్లో బురద ఆరటానికి ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు బండ్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, పదకొండు. మొదటి బండిలోంచి బసవయ్య దిగాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"సాంబా" అన్నాడు. తల ఎత్తలేదు. "మా రేగట్లో నారుమళ్ళు ఒక్కటి మిగల్లేదురా. నీరు నిలిచిన మళ్ళో నారు నిలవలా. ఇప్పుడు నారు దొరక్కపోతే ఈ ఏడు చేలన్నీ బీడే. మీ ఇసుకలో మిగిలిందని ఎవరో చెబితే... నమ్మలా. కానీ వచ్చా."

ఏడాదిన్నర నుంచి సాంబయ్య ఈ మనిషికి చెప్పాల్సిన జవాబులు కూడబెట్టుకుంటూ ఉన్నాడు. అవన్నీ పక్కన పెట్టి, "ముందు మంచినీళ్ళు తాగు బావా" అని దొన్నె అందించాడు.

బసవయ్య తాగి దొన్నెలోకి చూశాడు. "సముద్రం పక్కన ఇంత తీపేందిరా!"

అందరూ మళ్ళలోకి దిగారు. పది మళ్ళ నారుని పదకొండు బండ్లకి సర్దాలి. తలా కొంచెం తగ్గించుకుందామని రైతులే అనుకున్నారు. సాంబయ్య పీకుతున్నాడు, నాంచారమ్మ కట్టలు కడుతోంది. లాగిన ప్రతి మొక్కా తెగని వేరుతో వస్తోంది. "వేరు చూడండెహె, వేరు చూడండి!" అని బసవయ్య చిన్నపిల్లాడిలా కట్ట పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. ఒక ముసలి రైతు గుప్పెడు ఇసుక తీసి కళ్ళకి అద్దుకున్నాడు.

ఎండ ఎక్కింది. చేతులు ఆడుతున్నాయి. అప్పుడు ఎవరో పాట ఎత్తుకున్నారు.

"పోసినవాడెవడో పోయెనన్నా
పోసిన నీరెటు పోయెనన్నా
అడుగున ఉన్నది అడుగన్నా
అడిగినవాడికి తీపన్నా..."

నాంచారమ్మ చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. "ఒరే సాంబయ్యా!"

"ఏంటక్కా?"

"దించావురా! ఎప్పుడు నేర్చుకున్నావు?"

సాంబయ్య తెల్లబోయాడు. "నేనా? నేను పాడానా?"

ఆమె పకపకా నవ్వి తానే గొంతు కలిపింది. బసవయ్య అందుకున్నాడు. పాట రానివాళ్ళు చప్పట్లు వేశారు. నారు కట్టలతో పచ్చగా నిండిన పదకొండు బండ్లూ ఆ పాటతోనే కదిలాయి. గంటలు మోగించుకుంటూ ఒక్కొక్కటిగా మెరక దిగుతున్నాయి.

బసవయ్య చివరి బండి ఆపి వెనక్కి తిరిగాడు. "రారా సాంబా, చోటుంది. ఎక్కు."

సాంబయ్య కదల్లేదు. "అక్కనడిగానని చెప్పు" అన్నాడు.

బండి వెళ్ళిపోయింది. దుమ్ము కూడా లేవలేదు, ఇసుక కదా. గుడిసె ముందు తాత కళ్ళమీద చెయ్యి పెట్టుకుని బండ్లనే చూస్తున్నాడు.

"నారు బండెక్కింది. నువ్వు ఎక్కలేదేంరా?"

సాంబయ్య వంగి రెండు బిందెలూ చేతికి తీసుకున్నాడు. అతను కొత్తగా విత్తనం చల్లిన పది మళ్ళూ అప్పుడే తెల్లగా ఆరిపోయి ఉన్నాయి.

"దొరువు నిండి ఉంది తాతా."

తాత నవ్వాడు.

"అయితే తోడు."