ముష్టి చెట్టు మోసిన చేదు

రండమ్మా, ఇంకాస్త దగ్గరికి జరగండి. వెనకవాళ్ళు ముందుకు రండి. నా గొంతు పెద్దదే గాని ఈ కథ మెల్లగా చెప్పాల్సింది. అడవితల్లికి ఒక్కసారి దండం పెట్టుకోండి. పెట్టారా? వినండి మరి.

ఒకప్పుడు చిల్ల చెట్టూ ముష్టి చెట్టూ అచ్చు ఒకేలా ఉండేవి. ముష్టి అక్క, చిల్ల చెల్లెలు. ఒకే ఆకు, ఒకే పండు, ఒకే గింజ. అడవితల్లి ఇద్దరి గింజల్లోనూ సగం చలవ పోసింది, సగం చేదు పోసింది. ఎందుకు పోసిందో ఆ తల్లికే తెలుసు.

అప్పటికి మనుషులకి నాగలి లేదు, కుండ లేదు. దుంప తవ్వుకోవడం, పండు ఏరుకోవడం, కొత్త ఆకు కనబడితే నాలుక కొసన పెట్టి చూసుకోవడం, అదే బతుకు. నీళ్ళు సొరబుర్రలో మోసుకునేవారు.

ఒక ఎండాకాలం వాగులన్నీ ఎండిపోయాయి. ఈదమ్మ, ఆమె మొగుడు అంకన్న, వాళ్ళ కూతురు లింగి మూడు రోజులు నడిచి ఒక మడుగు చేరారు. మడుగంటే నీళ్ళనుకునేరు. అడవిపందులు పొర్లిన బురద. దాని గట్టునే ఈ అక్కాచెల్లెళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు.

ఐదేళ్ళ లింగికి పెదవులు పగిలాయి. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది, మాట రావడం లేదు.

అంకన్న సొరబుర్రతో బురదనీళ్ళు ముంచాడు. ఈదమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"మొన్న నీ తమ్ముడు తాగింది ఇలాంటి నీళ్ళే. కడుపు మెలిపెట్టి ఎలా పోయాడో చూశావు కదా."

"తాగకపోతే మాత్రం పిల్ల దక్కుతుందా?"

కొమ్మ మీద కొండముచ్చు ఒళ్ళు గోక్కుంటూ అంది. "తోక లేనివాళ్ళకి తెలివి కూడా లేదు పాపం."

"నీ తోకకేమైనా తెలిస్తే చెప్పు మావా," అంది ఈదమ్మ.

"ఈ చెట్ల గింజ నలిగి పడ్డచోట బురద తేరుకోవడం చూశాను. ఆ నీళ్ళు మాత్రం నేను తాగను."

ఈదమ్మ గింజ తెచ్చి గరుకు రాయి మీద అరగదీసింది. ఆ గంధం నీళ్ళలో కలిపింది. మట్టి మెల్లగా అడుగుకి దిగింది. నీళ్ళు తేటపడ్డాయి. లింగి చెయ్యి చాచింది.

"ఆగు తల్లీ," అని ఈదమ్మ ముందు తన నాలుక కొసన ఒక చుక్క వేసుకుంది. చేదు. అంతలోనే దవడ బిగుసుకుపోయింది. నోరు తెరవలేకపోయింది, మూయలేకపోయింది. అంకన్న రెండు చేతులతో దవడలు రుద్దాడు. పట్టు వదలడానికి చాలాసేపు పట్టింది.

మాట రాగానే ఈదమ్మ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆ తేటనీళ్ళని, పిల్ల చూస్తుండగానే, దూరంగా బండ మీద పారబోసింది. లింగికి ఏడవడానికి కన్నీళ్ళు కూడా లేవు.

ఈదమ్మ చెట్ల మొదట్లో మోకరిల్లింది. "అమ్మా, నీళ్ళు తేర్చే చలవ ఒక్కటే ఇయ్యండి. చేదు వద్దు."

"చలవ ఉంది," అంది చిల్ల. "చేదు దాన్ని అంటుకునే ఉంది. విడదీస్తే ఎక్కడ పెట్టను?"

"నేలలో ఒంపెయ్యి," అన్నాడు అంకన్న.

"నేల తాగితే వాగు తాగుతుంది. వాగుని జింక తాగుతుంది. రేపు నువ్వూ తాగుతావు."

ఈదమ్మ కూతుర్ని పిలిచింది. ఈసారి లింగి కళ్ళు తెరవలేదు.

అప్పుడు అంతదాకా పలకని ముష్టి, "ఇటివ్వు," అంది.

"ఏంటక్కా?"

"నీ చేదు నాకిచ్చెయ్. నా చలవ నువ్వు తీసుకో. నీ కొమ్మలు లేతవి, అంత చేదు మొయ్యలేవు."

"ఇక నీ గింజ ఎవరూ ముట్టరే. తల్లులు పిల్లలకి నిన్ను చూపించి భయపెడతారు."

"పెట్టనీ. భయపడ్డ పిల్ల బతుకుతుంది. తొందరగా ఇవ్వు."

మట్టి కింద ఇద్దరి వేళ్ళూ పెనవేసుకున్నాయి. గాలి లేదు, ఆకు మాత్రం వణికింది. ముష్టి చలవ చిల్లలోకి దిగింది, చిల్ల చేదంతా ముష్టిలోకి ఎక్కింది. ఆ బరువుకి ముష్టిగింజలు బిళ్ళల్లా అణిగిపోయాయి.

ఈదమ్మ చిల్లగింజ అరగదీసి కలిపింది. అంకన్న సొరబుర్ర అందుకోబోయాడు.

"కదిపావంటే మట్టి మళ్ళీ లేస్తుంది. కూర్చో."

కూర్చున్నారు. పిల్ల ఊపిరి వింటూ కూర్చున్నారు. నీళ్ళు తేరాయి. ఈదమ్మ ఒక చుక్క నాలుకకి రాసుకుని ఆగింది. దవడ ఆడించి చూసుకుంది. ఇంకాసేపు ఆగింది. ఏమీ కాలేదు.

వేలు ముంచి లింగి పెదవుల మీద తడి పెట్టింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి గొంతు కదిలింది. కాసేపటికి పిల్ల కళ్ళు తెరవకుండానే, "ఇంకా," అంది.

అంకన్న లేచి వెళ్ళి ముష్టి చెట్టు కాళ్ళకి మొక్కాడు.

అప్పటినుంచే చిల్లగింజ గుండ్రంగా ఉండి బురదనీళ్ళని తేరుస్తోంది. అప్పటినుంచే ముష్టిగింజ బిళ్ళలా అణిగి, ఒళ్ళంతా విషమై ఉంది. ఆ గింజని ముట్టకండి నాయనా. చెట్టుని మాత్రం తిట్టకండి, దండం పెట్టండి. ఎవరి చేతిలోనైనా దింపుకోలేని బరువు కనిపించిన రోజున ఆ అక్క చేసిన పని తలుచుకోండి. చెయ్యి చాచి, "ఇటివ్వు," అనండి.