మీసానికంటిన తేనె

వీరభూపాలుడికి పది రోజులుగా జ్వరం. ఆస్థాన వైద్యుడు మాధవయ్య అలవాటు కొద్దీ "నాలుక చాపండి ప్రభూ" అన్నాడు. "రాజు ఒకడి ముందు నాలుక చాపడమా!" అని రాజు మండిపడి ఆయన్ని చెరసాలలో వేయించాడు.

వైద్యుడి దగ్గర మందులు నూరే ఈరమ్మకి ఈ కబురు అందింది. రాజుకి నయమైతే తప్ప అయ్యగారు బయటపడరు. నాలుక చూస్తే తప్ప రోగం తేలదు. మందు తెచ్చానని చెప్పి, గిన్నెడు తేనెతో కోటకి వెళ్ళింది. చెంచాతో నోట్లో పోస్తూ, కావాలనే మీసం అంచుకి కాస్త అంటించింది. రాజు నాలుక చాపి నాకేశాడు. నాలుక మీద తెల్లటి పాచి దట్టంగా పేరుకుని ఉంది.

"అజీర్ణం ప్రభూ. నేతి అన్నం మానేసి రెండు రోజులు శొంఠినీళ్ళే తాగండి."

మూడోనాటికి జ్వరం దిగిపోయింది. "నాలుక చూడకుండా ఎలా కనిపెట్టావే?" అన్నాడు రాజు.

"చూశాను ప్రభూ."

రాజు కళ్ళెర్రజేశాడు. "చాపమని అడిగిందెవరు?"

"మీ మీసానికంటిన తేనె ప్రభూ. శిక్షేదో దానికే వెయ్యండి."

"దాన్ని అప్పుడే మింగేశానుగా!"

"అడిగిన తేనెకి కడుపులో చోటిచ్చారు. అదే అడిగిన మా అయ్యగారికి చెరసాలా ప్రభూ?"

రాజు పకపకా నవ్వాడు. ఆ సాయంత్రమే మాధవయ్య ఇంటికొచ్చాడు.

"హమ్మయ్య!" అంది ఈరమ్మ. "చెరసాల తిండి తిన్నారు. ఏదీ, ముందు నాలుక చాపండి అయ్యగారూ!"