ఎర్మెలిండా అమ్మమ్మ పెట్టిన రొట్టె

నాబోర్‌కి వచ్చిన చిక్కు ఒకటే. రోజురోజుకీ పాలు తగ్గిపోతున్నాయి.

మెక్సికో పడమటి కొండల్లో అది వానాకాలం. ఎర్మెలిండా అనే ముసలమ్మ కుటుంబం ఆ కొండ మీద ఆవుల్ని మేపుకుంటూ, ఆ పాలతో చీజు చేసుకుంటూ తరాలుగా బతుకుతోంది. పాలు విరిగితే గుండె గుభేలుమనే ఇళ్ళలో పుట్టినవాళ్ళం మనం. వాళ్ళేమో కావాలని పాలు విరగ్గొట్టి, ఉప్పు కలిపి, గుడ్డలో బిగించి, బెల్లం దిమ్మలాగా చేసి నెలల తరబడి చెక్కల మీద ఆరబెడతారు. వినడానికి వింతగానే ఉంటుంది. తినడం మొదలుపెడితే ఆ వింత ఎంతోసేపు నిలవదు. సరే, అది వేరే సంగతి.

కిందటేడు ఎర్మెలిండా మణికట్లు పట్టు తప్పాయి. కొడుకు లిబ్రాదో లారీ నడుపుతాడు, పాడి మీద ఓపిక లేదు. "వానలు వెళ్ళేలోగా ఈ పని అందుకునేవాడు దొరక్కపోతే మందని అమ్మేస్తానమ్మా," అని చెప్పేశాడు. అప్పుడు ఆమె చెల్లెలి మనవడు నాబోర్ నేర్చుకుంటానని కొండెక్కి వచ్చాడు. అంతవరకూ ఇటుకల బట్టీలో పనిచేసినవాడు. మళ్ళీ ఆ పొగలోకి వెళ్ళకూడదని వాడి పట్టుదల. ఆమె బకెట్లూ తాళ్ళూ వాడికి అప్పగించి, తను పొయ్యి పక్కన కూర్చుంది.

ఆవు చేపాలంటే దూడ మూతి తగలాలి. ఈ విషయంలో ఆ దేశానికీ మన దేశానికీ తేడా లేదు. దూడ రెండు గుక్కలు తాగేసరికి పొదుగులోకి పాలు దిగుతాయి. అప్పుడు దాన్ని లాగి, తల్లి ముందుకాలికి కట్టేసి, పితుక్కుంటారు. దూడ చచ్చిపోతే తోలులో గడ్డి కూరి చూపించి పితకడం చిన్నప్పుడు నేను చూశాను. ఆవు ఆ గడ్డిబొమ్మని నాకుతూ ఉంటే నిలబడలేక ఇంట్లోకి పరిగెత్తాను.

ఎర్మెలిండా పొద్దున ఒక్కపూటే పితికేది. ఒక చన్ను దూడకి వదిలేసేది. పగలంతా దూడలు తల్లుల వెంట తిరిగేవి. నాబోర్‌కి ఇదంతా దుబారా అనిపించింది. నాలుగు చన్నులూ పిండాడు. పగలు కూడా దూడల్ని దొడ్లోనే ఉంచి, సాయంత్రం మళ్ళీ పితికాడు. బకెట్లు పొంగాయి. ముసలమ్మ చేసిన దిమ్మల కన్నా పెద్ద దిమ్మలు దిగాయి. లిబ్రాదో చూసి ఈల వేశాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

తర్వాత తగ్గడం మొదలైంది. వాడు మేత మార్చాడు. ఉప్పు నాకించాడు. పితికేటప్పుడు పాటలు పాడాడు.

"ఆ పాట వినే పాలు దాచేసుకున్నాయిరా," అన్నాడు లిబ్రాదో.

ఒక పొద్దున సగం బకెట్ కూడా నిండలేదు. నాబోర్ దాన్ని వంటింటి గుమ్మంలో పెట్టి నిలబడ్డాడు.

"అమ్మమ్మా, ఈ ఆవులకి ఏమైంది?"

"తిన్నావా?"

"లేదు. ముందు ఇది చెప్పు."

"కూర్చో."

పెనం మీంచి మొక్కజొన్న రొట్టె తీసి, దాని మీద నిరుటి చీజు చిదిమి, మడిచి వాడి చేతికిచ్చింది. వేడికి చీజు వాసన గుప్పుమంది. చీకటితో లేచిన ప్రాణం. ఒక్క ముక్క కొరికాడో లేదో, ఆమె రొట్టె లాగేసుకుంది.

"నోట్లో నీళ్ళూరాయా?"

"ఊరాయి."

"నాక్కావలసింది అంతే. పో, ఆ మూల కూర్చో."

మిగతా రొట్టె ఆమె నింపాదిగా తినసాగింది.

"అదేంటమ్మా, కుర్రాడికి పెట్టవా?" అన్నాడు లిబ్రాదో.

"పెట్టానుగా. సాయంత్రం మళ్ళీ పెడతాను."

లిబ్రాదో నవ్వబోయి, తల్లి మొహం చూసి ఊరుకున్నాడు. పెనం మీద రెండో రొట్టె పొంగింది. అదీ ఆమే తింది. మూల కూర్చున్న నాబోర్ గుటకలు మింగుతూ ఆ రొట్టె వైపే చూశాడు. బయట దొడ్లో దూడలు అరుస్తున్నాయి. రోజూ అరిచేవే.

వాడు లేచి బయటికి వెళ్ళాడు. దొడ్డికి అడ్డం పెట్టిన కర్ర తీసిన చప్పుడూ, ఆ వెంటే చిన్న చిన్న గిట్టల పరుగూ వినిపించాయి.

తిరిగొచ్చేసరికి వాడి చోట పళ్ళెం నిండా రొట్టెలున్నాయి. తలవంచుకుని తిన్నాడు. ఆ సాయంత్రం పితక్కుండానే బకెట్లు కడిగి బోర్లించేశాడు.

పాలు వెంటనే పెరగలేదు. ఆవులు అంత తొందరగా మర్చిపోవు. కొన్నాళ్ళు అరచేతిలో పట్టేంత దిమ్మలే దిగాయి. వాటినే వాడు ఉప్పు రాసి, తిప్పి తిప్పి ఆరబెట్టాడు. దూడల పక్కటెముకల మీద కండ పట్టింది. దిమ్మలూ నెమ్మదిగా పెరిగాయి. ఆమె చేసినవాటి కన్నా పెద్దవి మాత్రం కాలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక పశువుల బేరగాడు కొండెక్కి వచ్చాడు. లిబ్రాదో తల్లి దగ్గరికి వెళ్ళాడు.

"బేరగాడు గుమ్మంలో నిలబడ్డాడమ్మా. ఏం చెప్పమంటావు?"

దొడ్లో నాబోర్ బకెట్ పక్కకి జరిపి, నాలుగో చన్ను ముట్టకుండా దూడ కట్టు విప్పుతున్నాడు.

"నన్నడుగుతావేం?" అంది ఎర్మెలిండా. "ఆవులు ఎవరికి చేపుతున్నాయో వాణ్ణడుగు."