ఉప్పుటేటి ఒడ్డున రెండు గంటలు

పేర్రాజు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు ఆ పూట దొరకదు. "రేపు రండి" అంటారు. ఆ రేపటికి ఏదో ఒక పని చెబుతారు. మన జవాబు ఆ పనిలో ఉంటే ఉంటుంది, లేకపోతే మన ఖర్మ. కాకినాడలో ఆయన వీధరుగు మీద బొమ్మలు నేర్చుకునే మేం తొమ్మిదిమందిమీ ఉద్యోగాల్లోంచి దిగిపోయినవాళ్ళమే. పళ్ళన్నీ సొంతానివి ఉన్నవాడు మాలో కుర్రాడి కింద లెక్క. నేను తపాలా ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు ముద్రలు కొట్టి వచ్చినవాణ్ణి. మాస్టారు బయటికెళ్ళి బొమ్మ వేస్తే ఆయన మడతకుర్చీ మోసే పని నాది. అందువల్ల హైమవతి గారి సంగతి నా కళ్ళముందే జరిగింది.

హైమవతి గారు హెడ్‌మాస్టరమ్మగా చేసి దిగారు. భర్త పోయాక, ఆయన చెల్లెలు మాణిక్యాంబని వెంటబెట్టుకుని ఏడేళ్ళు ఊళ్ళు తిరిగారు. హంపి, గండికోట, కోణార్క, ఎక్కడికెళ్ళినా వదినా ఆడపడుచులు జంటే. వదినగారు నీటిరంగుల్లో బొమ్మ వేసేవారు, మాణిక్యాంబ పక్కనుండేది. ఆవిడకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఈ వదినే లోకం. ఆ బొమ్మలు చూసి మేమంతా కుళ్ళుకునేవాళ్ళం, అబద్ధమెందుకు.

మొన్న ఫాల్గుణంలో హైమవతి గారు ఒక్కరే వచ్చారు. క్లాసు ఎనిమిదింటికైతే ఏడింటికే వచ్చి అరుగు మీద కూచున్నారు. మాస్టారు రాగానే కొత్త బొమ్మలు ఆయన ముందు పరిచారు. చూసి నేనే నోరు వెళ్ళబెట్టాను. ఆకాశాలన్నీ అతుకుల బొంతలు, నీడలన్నీ మసిగుడ్డలు!

"ఏం పోయేకాలమో మాస్టారూ! ఒక పూత వేసి రెండోది కలిపేలోగా మొదటిది ఆరిపోయి గీత కట్టేస్తోంది. అక్కడ చూస్తే బాగానే ఉంటుంది, ఇంటికొచ్చి చూస్తే మాడిపోయి ఉంటుంది. కాగితం మార్చాను, బ్రష్షులు మార్చాను. నా చెయ్యి పోయిందా? నిజం చెప్పండి. పోయిందంటే ఈ రంగులపెట్టె ఎవరికైనా ఇచ్చేసి రామకోటి రాసుకుంటాను" అన్నారావిడ. గొంతులో కోపం ఉంది గానీ పెట్టె మాత్రం ఒళ్ళోంచి దింపలేదు.

"మాణిక్యాంబ గారు కనబడటం లేదేం?" అన్నారు మాస్టారు.

"అమలాపురంలో పినతల్లి కూతురింట్లో ఉంది. లేపాక్షిలో మాటా మాటా అనుకున్నాం, వెళ్ళిపోయింది. పోనివ్వండి, నాకూ అడ్డు లేదు. మొన్న శ్రీకాకుళం వైపు నాలుగు రోజులు తిరిగాను. బస్సులో పక్కసీట్లో సంచీ పెట్టుకున్నాను. కండక్టరుతో తప్ప పురుగుతో మాట్లాడితే ఒట్టు. అంత ఏకాగ్రత! అయినా బొమ్మలిలా ఏడుస్తున్నాయి."

మాస్టారు బొమ్మలు కట్టగట్టి ఆవిడ చేతికిచ్చారు. "రేపు ఎనిమిదింటికి జగన్నాథపురం వంతెన కిందికి రండమ్మా. పెట్టె వద్దు" అన్నారు.

మర్నాడు వంతెన కింద ఉప్పుటేటి ఒడ్డున ఆయన కుర్చీ వేశాను. ఎదురుగా పడవలు, వాటి వెనక మంచుగోడౌన్లు. మాస్టారు పలక మీద కాగితం బిగించుకుని, తన నల్లగొడుగు విప్పి హైమవతి గారి చేతికిచ్చారు. "కాగితానికి పట్టండి" అన్నారు. అంతే, తర్వాత మనిషి మనలో లేడు.

గొడుగు కాగితానికి పడితే, పట్టినవాళ్ళ నెత్తి ఎండలోనే ఉంటుంది. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. పొద్దు జరిగినకొద్దీ నీడ జరుగుతుంది, నీడతో పాటు ఆవిడా అడుగు అడుగు జరగాలి. కాసేపటికి ఆవిడ, "ఆ ఎర్ర పడవ ఎంత బాగుందో చూశారా మాస్టారూ" అన్నారు. ఆయన పలకలేదు. మరి కాసేపటికి, "ఆ కొంగ చూడండి, ఎంతసేపటినుంచీ ఒంటికాలి మీదే!" అన్నారు. దానికీ పలకలేదు. తర్వాత ఆవిడ మాట్లాడటం మానేశారు. చెయ్యి వాలి ఎండ కాగితం అంచుకి తగిలినప్పుడు మాత్రం ఆయన తలెత్తకుండా "అమ్మా, ఎండ" అనేవారు. ఆవిడ చెయ్యి మార్చుకునేవారు.

అరవై ఆరేళ్ళ మనిషి. చెంపల మీద చెమట ధారలు కడుతోంది, చూడలేకపోయాను. లేచి గొడుగు నేను పట్టుకోబోతే మాస్టారు ఒక్క చూపు చూశారు. నోరు మూసుకుని కూచున్నాను. మనసులో మాత్రం ఆయన్ని తిట్టుకున్నాను, ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

పదింటికి బొమ్మ అయింది. ఆకాశం నీళ్ళలోకి ఎక్కడా అతుకు లేకుండా దిగింది, పడవల నీడలు తేటగా ఉన్నాయి. మాస్టారు సన్నబ్రష్షు తీసుకుని కింద మూల తన పేరు రాసుకున్నారు. హైమవతి గారు ఆ పేరు వంకే చూస్తూ నిలబడ్డారు. గొడుగు ముడవడం కూడా మరిచిపోయారు.

నీడలో ఉంటే నీటిరంగు నిదానంగా ఆరుతుందనీ, ఎండలో తెల్లకాగితం కళ్ళని మోసం చేస్తుందనీ మా అరుగు మీద అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. తెలిసిన సంగతి తన దాకా వచ్చేసరికి తెలియకుండా పోవడం చదువుకున్నవాళ్ళకే చెల్లింది.

"ఏడేళ్ళు మాస్టారూ" అన్నారావిడ చివరికి. ఒడ్డున బోర్లించి ఉన్న తెప్ప మీద కూలబడ్డారు. "మాణిక్యాంబ గొడుగు పట్టిందన్న ధ్యాసే లేదు నాకు. లేపాక్షిలో నందిని వేస్తుంటే గొడుగు కాస్త పక్కకి పోయింది. పదిమందీ చూస్తుండగా, 'ఆ మాత్రం కూడా చేతకాదా? ఊళ్ళు చూట్టానికి మాత్రం ముందుంటావు' అన్నాను. అది మారు మాట్లాడలేదు. గొడుగు ముడిచి నా పక్కన పెట్టి, వెళ్ళి బస్సులో కూచుంది. దాని మెడంతా ఎండకి కమిలిపోయి ఉండేది, ఏ మందూ పూసుకోదేమని దాన్నే కేకలేసేదాన్ని..."

కొంగుతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకునేసరికి మళ్ళీ హెడ్‌మాస్టరమ్మ అయిపోయారు. సంచీలోంచి ఫోను తీసి, "తెలిసింది మాస్టారూ. నా చెయ్యి పోలేదు. ఇప్పుడే ఫోను చేసి దాన్ని రమ్మంటాను. ఉగాది వెళ్ళగానే ఇద్దరం శ్రీశైలం పోతాం, అక్కణ్ణుంచి మీకు మంచి బొమ్మలు తెస్తాను" అన్నారు.

మాస్టారు ఏటినీళ్ళలో బ్రష్షు కడుక్కుంటున్నారు. తల ఎత్తలేదు.

"ఎందుకమ్మా, గొడుగు పట్టడానికా?" అన్నారు.