ఊఁ కొట్టిన కడ్డీ

1984వ సంవత్సరం, ఎండాకాలం. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి. గోదావరి సన్నబడిపోయి, బూరుగులంకకి పడవ ఎక్కకుండా మోకాళ్ళ లోతులో నడిచిపోవచ్చు.

ఆ లంకలోనే జ్ఞానమాణిక్యం ఇల్లు. దేవుడు లంకకి పంపిన తెలివంతా తమ ఇంట్లోనే దిగిందని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఊళ్ళోవాళ్ళకి కాస్త పంచుదామని తమ్ముడు దీనరాజు ఒకసారి అన్నాడు గానీ, "పంచితే తరిగిపోదూ?" అని మాణిక్యం ఆపేశాడు. వాన వస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కా విప్పి గొడుగు మీద కప్పే ఇల్లది. చిన్న తమ్ముడు ఏలియా ఒకసారి రెండు చొక్కాలు కప్పాడు. ఇంట్లో అందరికంటే తెలివైనవాడని వాడికి పేరు.

మాణిక్యానికి లోకంలో ఒకే ఒక్క కోరిక. చర్చిలో పాటలకి వాయించే ఫ్రాన్సిస్ మాస్టారి గిటారు. గుడిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఇతను ఒక కన్ను తెరిచి ఆ గిటారునే చూసేవాడు. రెండు కళ్ళూ తెరిస్తే పాపమని ఒక కన్నే తెరిచేవాడు. మాస్టారి దగ్గర రెండేళ్ళు నేర్చుకుని ఒక పాట వచ్చిందనిపించుకున్నాడు కూడా.

మాస్టారికి డెబ్బై దాటాయి. వేళ్ళు వంగడం మానేశాయి. ముప్పై ఒక్క ఏళ్ళు వాయించిన గిటారుని ఎవరి చేతిలో పెట్టాలా అని చూసి చూసి, ఆ సోమవారం మాణిక్యాన్ని పిలిచాడు.

"ఒరే మాణిక్యం, ఆదివారం పాటల కూటంలో ఒక్క పాట, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించు. వాయిస్తే గిటారు నీది. ఆగావంటే వెనక్కి తెచ్చెయ్యి."

"ఆగనండి. అడ్డం వచ్చినా ఆగనండి."

మాస్టారు ఒక బిస్కెట్ల రేకు డబ్బా కూడా తీశాడు. "గిటారు ఎవడైనా కొంటాడు. ఈ చిన్న చిన్న సామాన్లే నాకు ప్రాణం. జాగ్రత్తగా విను," అని ఒక్కొక్కటే బయట పెట్టాడు.

మొదట గోరంత పిక్కు. "దీంతోనే తీగ మీటాలి. జారితే దొరకదు. ఆదివారం దాకా చేతిలోంచి వదలకు."

తరవాత స్ప్రింగు ఉన్న చిన్న బిగింపు, కేపో. "పాట పాడేవాడి గొంతుకి కుదరకపోతే ఇది బిగించు. శ్రుతి పైకి లేస్తుంది."

తరవాత ఆరు కొత్త తీగలు. "బాగా సాగితే గాని శ్రుతిలో నిలబడవు."

తరవాత సబ్బు పెట్టెలో పెట్టిన స్పాంజి ముక్క. "దీన్ని తడిపి గిటారు పక్కన ఉంచు. ఈ ఎండలకి చెక్కకి దాహం వేస్తుంది. దాహం తీరకపోతే పగులుతుంది."

చివరికి రెండు కాళ్ళ ఇనప కడ్డీ. "ఇది శ్రుతి కడ్డీ. మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకో. ఏ సందేహం వచ్చినా దీన్నే అడుగు. మనిషి అబద్ధమాడతాడు గానీ ఇది ఆడదు."

మాణిక్యం గిటారు భుజాన వేసుకుని, డబ్బా గుండెకి హత్తుకుని, గోదావరి దాటి, ఇల్లు చేరాడు. భార్య సంతోషమ్మని, తమ్ముళ్ళని కూర్చోబెట్టి కడ్డీని మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఊఁ..." అంది కడ్డీ.

"ఒరేయ్! ఇది ఊఁ కొడుతోందిరా!"

"అడుగన్నయ్యా, ఏదైనా అడుగు!"

"నా పేరు జ్ఞానమాణిక్యమేనా?"

"ఊఁ..."

"మా ఇంట్లో తెలివి ఉందా?"

"ఊఁ..."

ఇంకేముంది! సంతోషమ్మ కడ్డీకి దణ్ణం పెట్టింది. "ఏవండీ, పాస్టరు గారు కూడా ఇంత తొందరగా చెప్పరండీ!"

పిక్కు చేతిలోంచి వదలకూడదు కదా. అంతే, మాణిక్యం దాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి పట్టుకున్నాడు. అన్నం సంతోషమ్మే తినిపించింది. పడుకునేటప్పుడు వేళ్ళకి గుడ్డ చుట్టి కట్టింది. స్నానం చేస్తే చెయ్యి పైకెత్తి చేశాడు. బుధవారానికి ఆ రెండు వేళ్ళూ అతుక్కుపోయాయి.

"ఇక పిక్కు పోదు," అన్నాడు మాణిక్యం గర్వంగా.

"ఇక వేళ్ళు విడిపోవేమో అన్నయ్యా," అన్నాడు ఏలియా.

"వేళ్ళు పోవాలనా నీ బాధ?"

గురువారం తీగలు సాగదీశారు. ఒక కొస ఏలియా పట్టుకున్నాడు, ఇంకో కొస దీనరాజు. లాగారు. తీగ టప్పున తెగింది. ఏలియా వెళ్ళి గేదె తాగే కుడితి తొట్టిలో పడ్డాడు. లేచి, మొహం మీది తవుడు తుడుచుకుని, తీగ వైపు చూశాడు.

"అన్నయ్యా! ఒకటి రెండయ్యింది!"

అంతే, ఉత్సాహం వచ్చేసింది. అయిదు తీగలు పది చేశారు. ఏలియా అయిదుసార్లు తొట్టిలో పడ్డాడు. ఆరోది లావుపాటి తీగ, ఎంత లాగినా తెగలేదు.

"గేదెతో లాగిద్దామా?" అని మాణిక్యం కడ్డీని అడిగాడు.

"ఊఁ..."

ఒక కొస పాక రాటకి, ఒక కొస గేదె మెడ పలుపుకి కట్టి, గేదె చెవిలో దీనరాజు గట్టిగా పాట ఎత్తుకున్నాడు. గేదె లేచి పరుగెత్తింది. తీగ తెగలేదు. పుచ్చిన రాట ఊడొచ్చింది, పాక కప్పు కూలింది, గేదె రాటని ఈడ్చుకుంటూ గోదావరి ఇసకలోకి వెళ్ళిపోయింది.

తాటాకుల కిందనుంచి మాణిక్యం తల బయటికొచ్చింది. "చూశారా, మాస్టారి తీగ ఎంత గట్టిదో! మిగతావన్నీ నాసిరకం."

"పాత తీగలు గిటారుకి ఉన్నాయిగా, చాల్లెండి," అంది సంతోషమ్మ.

శుక్రవారం పాట సాధన. గిటారు మాణిక్యానిది, గొంతు దీనరాజుది. పై మెట్టు వచ్చేసరికి దీనరాజు గొంతు పడిపోయింది.

"కుదరలేదు. కేపో బిగించాలి," అన్నాడు మాణిక్యం.

"ఎక్కడ బిగించాలన్నారు మాస్టారు?"

"కుదరంది నీ గొంతు. గొంతుకి కాక నా కాలికి బిగిస్తారా?"

అనుమానం ఎందుకని కడ్డీని అడిగారు. ఊఁ అంది. దీనరాజు గొంతు మీది తోలు కాస్త పట్టుకుని మాణిక్యం కేపో తగిలించి వదిలాడు.

"అమ్మోయ్!" అని దీనరాజు కేక అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్ళకి వినబడింది.

"లేచింది! శ్రుతి లేచింది!" అని ముగ్గురూ గంతులేశారు. దీనరాజు కూడా వేశాడు. నొప్పికో సంతోషానికో వాడికే తెలీదు.

శనివారం మధ్యాహ్నం ఎండ మండిపోయింది. మాణిక్యానికి భయం పట్టుకుంది. గిటారు పగిలితే? ఒక్క రాత్రి గడిస్తే తనదే! స్పాంజి తడిపి పక్కన పెట్టాడు. అది పిడికెడు లేదు. గిటారేమో మూడేళ్ళ పిల్లంత ఉంది.

"ఈ తడి దీనికెక్కడ ఆనుతుంది పాపం," అంది సంతోషమ్మ.

మాణిక్యం కడ్డీ కొట్టాడు. "తల్లీ, దీనికి దాహం వేస్తోందా?"

"ఊఁ..."

గిటారు బొజ్జలోని రంధ్రంలో గ్లాసుడు నీళ్ళు పోశారు.

"ఇంకా కావాలా?"

"ఊఁ..."

చెంబుడు పోశారు. ఇంకా కావాలంది. బిందెడు పోశారు. ఇంకా కావాలంది. ఏలియా మోయలేక కూలబడ్డాడు. "అన్నయ్యా, ఇది అరేబియా ఎడారి నుంచి వచ్చిన చెక్కలా ఉంది. మనం పోసేదేమిటి, దాన్నే తొట్టిలో పడుకోబెడితే కావలసినంత తాగుతుంది!"

రెండు చొక్కాల తెలివి మరి! కుడితి పారబోసి, తొట్టి కడిగి, మంచినీళ్ళు నింపి, గిటారుని అందులో పడుకోబెట్టారు. తేలుతోందని ఒక రాయి పెట్టారు. ఆ రాత్రి మాణిక్యం హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున్న లేచి చూస్తే గిటారు దాహం తీరింది. బంక అంతా కరిగి, ముందు చెక్క ఒకటి, వెనక చెక్క ఒకటి, పక్క చెక్క ఒకటి, తీగలు వేలాడుతున్న మెడ ఒకటి, నాలుగూ వేరు వేరుగా తేలుతున్నాయి.

మాణిక్యం ఇంట్లోకి పరుగెత్తి కడ్డీ తెచ్చాడు. మోకాలి మీద కొట్టాడు. "తల్లీ, దీంతో వాయించొచ్చా?"

"ఊఁ..."

"హమ్మయ్య! చంపేశావు!"

"మంచిదే అయ్యిందండీ," అంది సంతోషమ్మ. "ఒక్కరే మోసుకుపోవడం ఎందుకు? నలుగురం ఉన్నాం, నాలుగు ముక్కలున్నాయి."

కూటంలో లంకలవాళ్ళందరూ చేతుల్లో మట్టలు పట్టుకుని కూర్చున్నారు. ముందు వరసలో ఫ్రాన్సిస్ మాస్టారు. నలుగురూ వేదిక ఎక్కారు. సంతోషమ్మ ముందు చెక్కని చేటలా పట్టుకుంది. ఏలియా వెనక చెక్క, దీనరాజు పక్క చెక్క. దీనరాజు గొంతుకి కేపో వేలాడుతోంది. మాణిక్యం మెడ పట్టుకుని, అతుక్కున్న వేళ్ళతో, గాలికి ఊగుతున్న తీగల్ని మీటాడు. చప్పుడు లేదు. అయినా ఆగలేదు. జనం నవ్వారు. ఆగలేదు. ఒక ముసలమ్మ నవ్వి నవ్వి మట్టతో పక్కావిడని కొట్టింది. ఆగలేదు. దీనరాజు పై మెట్టులో "అమ్మోయ్" అన్నాడు. పాట పూర్తయ్యింది.

మాణిక్యం చెమట తుడుచుకుంటూ దిగి, మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మొదటి నుంచి చివరిదాకా, ఒక్క చోటా ఆగలేదండి. గిటారు నాదేనాండి?"

మాస్టారు ఆ నాలుగు ముక్కల వైపు చూస్తున్నాడు.

"మాస్టారూ, నాదేనాండి?"

మాట లేదు. మాణిక్యానికి ఏడుపొచ్చింది. ఆరు రోజులు పిక్కు వదల్లేదే! అన్నం కూడా తన చేత్తో తినలేదే! అప్పుడు ఏలియా చెవిలో అన్నాడు, "అన్నయ్యా, కొట్టకుండా అడిగితే ఎలా చెబుతారు?"

నిజమే! తొందరలో మర్చిపోయాడు. అంతే, మాణిక్యం చేతిలోని గిటారు మెడని పైకెత్తి మాస్టారి మోకాలి మీద ఒక్కటేశాడు.

"ఊఁ...!" అన్నాడు మాస్టారు.

"అన్నారు! ఊఁ అన్నారు! గిటారు మనదేరా!" అని నలుగురూ నాలుగు ముక్కలూ ఎత్తి పట్టుకుని, గోదావరిలో నీళ్ళు చిమ్ముకుంటూ ఇంటికి పరుగెత్తారు.

మాస్టారు మూడు వారాలు కర్ర పట్టుకుని నడిచాడు. గేదె మరుసటి గురువారానికి దొరికింది. ఆ గిటారు మళ్ళీ మోగలేదు.