జెల్ మీద ఒకటే గీత

మా ప్రొఫెసర్ వకుళ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మా పరిశోధనశాలలో చేరిన వారానికే ఈ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. నాలుగేళ్ళయినా తెలియనివాడు దానియేలు ఒక్కడే.

ఆ మధ్యాహ్నం అతను తన సిద్ధాంత గ్రంథం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఆవిడ మొదటి పేజీ దగ్గరే ఏదో సందేహం వెలిబుచ్చితే ఉక్రోషం పట్టలేక అడిగాడు.

"కళ్ళారా చూసినదాన్ని కూడా అనుమానించాలా మేడమ్?"

అతను చూసిందేమిటో చెప్పాలి. ప్లాస్మిడ్ అంటే గుండ్రటి చిన్న డి.ఎన్.ఏ. దాన్ని మనిషి కణంలోకి పంపితే, అందులో రాసి ఉన్న ప్రోటీన్‌ను ఆ కణమే తయారుచేస్తుంది. దానియేలు వాడే ప్లాస్మిడ్‌లో అతనికి కావలసిన ప్రోటీన్ జన్యువూ, ఆ ప్రోటీన్‌కు తోకలా అతుక్కుని పచ్చగా వెలిగే మరో ప్రోటీన్ జన్యువూ ఉండాలి. తోక వెలిగిన చోట ప్రోటీన్ ఉన్నట్టు లెక్క. కణాల కేంద్రకాలు నాలుగేళ్ళుగా పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. తన ప్రోటీన్ కేంద్రకంలోకి వెళుతోందని అతను గ్రంథమంతా రాశాడు. సోమవారం సమర్పించాలి, ఆ పై వారం ఉద్యోగంలో చేరాలి.

"ఆ ప్లాస్మిడ్‌ను ఎంజైమ్‌తో కట్ చేసి జెల్ రన్ చెయ్యి నాయనా" అన్నారు వకుళ గారు.

ఎంజైమ్ డి.ఎన్.ఏ.ను కత్తిరిస్తుంది, జెల్ ఆ ముక్కలను పొడవును బట్టి వేరుచేసి గీతలుగా చూపుతుంది; కొత్తగా చేరిన పిల్లలకు నేర్పే పని అది. దానియేలు మొహం మాడ్చుకునే చేశాడు. జెల్ మీద రెండు గీతలు రావాలి: ప్లాస్మిడ్‌ది ఒకటి, దాంట్లోంచి ఊడివచ్చిన ప్రోటీన్ జన్యువుది ఒకటి. ఒకటే వచ్చింది. ఎంజైమ్ పాతబడిందని విసుక్కుని, కొత్తది తెచ్చి మళ్ళీ చేశాడు. మళ్ళీ ఒకటే గీత.

పక్కనే ఉన్న నాకు సంగతి అర్థమైంది. ఆ ప్లాస్మిడ్‌లో అతని ప్రోటీన్ జన్యువే లేదు. ఏనాడూ లేదు! నాలుగేళ్ళూ అతను చూసింది ఒట్టి తోకను. అది కణమంతా పరుచుకుంటే, కేంద్రకంలో ఉన్నంత మేరకే అతని కంటికి ఆనింది. మిగతా పచ్చదనాన్ని "ప్రోటీన్ ఎక్కువై పొర్లింది" అంటూ ఒక అధస్సూచికలో సర్దేశాడు మహానుభావుడు. ఆ గ్రంథం చదివి బాగుందన్న నేనేం తక్కువ తిన్నాను?



"నాలుగేళ్ళు మేడమ్!" అన్నాడు దానియేలు. "ట్యూబు మూత మీద మీ చేతిరాత ఉంది. మీరు చేసిన ప్లాస్మిడ్ కదా అని నేను పరీక్షించలేదు."

ఆవిడ రాత ఉన్న ట్యూబును పరీక్షిస్తే ఆవిడను అవమానించినట్టే అనుకుంటాం మేమంతా. అలా అనుకోమని ఆవిడ ఎన్నడూ చెప్పలేదు.

వకుళ గారు జెల్ ఫోటో అందుకున్నారు. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నేనూ అందుకే పరీక్షించలేదు" అన్నారు.