గట్టు అయ్యగారు

జెకర్యాకి పాస్టరు పని అంతా వచ్చు, ఒక్కటి తప్ప. నీళ్ళలోకి దిగడు.

అతను ప్రసంగం చెప్తే ముసలమ్మలు కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళు, సమాధులు, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన ప్రార్థన, దేనికీ వెనకాడేవాడు కాదు. కానీ మాది బాప్టిస్టు సంఘం. మాకు బాప్తిస్మం అంటే నెత్తి మీద నాలుగు చుక్కలు చల్లడం కాదు, కాలవలో నిలువునా ముంచి లేపడం. ఆ రోజు వచ్చేసరికి జెకర్యా తువాళ్ళ మూట పట్టుకుని గట్టు మీదే నిలబడేవాడు. నీళ్ళలోకి పెద్ద పాస్టరు సంసోను అయ్యగారే దిగేవారు.

పేరుకి సంసోను గాని, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండేవారాయన. డెబ్భై నాలుగేళ్ళు. వచ్చే ఏటి నుంచి సంఘాన్ని జెకర్యాకి అప్పగించాలని ఆయన కోరిక. పెద్దలు ఒప్పుకోలేదు. "గట్టు దిగని పాస్టరు మనకెందుకండీ?" అన్నారు. అప్పటికే కుర్రకారు అతనికి 'గట్టు అయ్యగారు' అని పేరు పెట్టేసింది. మావాళ్ళకి పేర్లు పెట్టడంలో ఉన్న చురుకు ప్రార్థనకి రావడంలో ఉండదు.

కుర్రాళ్ళకి తెలీదు గాని పాతవాళ్ళకి తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఉప్పెన వచ్చి సముద్రం ఊరి మీద పడిన రాత్రి, జెకర్యా ఒక చేత్తో తాటిచెట్టునీ, ఇంకో చేత్తో ఐదేళ్ళ కూతురు సువార్తనీ పట్టుకున్నాడు. తెల్లవారుజామున చెట్టుని పట్టుకున్న చెయ్యి నిలిచింది. పిల్లని పట్టుకున్న చెయ్యి నిలవలేదు.

భార్య రాహేలు ఆ రోజు పుట్టింట్లో ఉండి బతికింది. ఆమె అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

పెద్దలు ఆ మాట అన్న సాయంత్రమే అతను అయ్యగారింటికి వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"సంఘానికి వేరేవాళ్ళని చూడండయ్యగారూ," అన్నాడు.

"ఏం? దేవుడు నిన్ను క్షమించలేదంటావా?"

"క్షమించాడండీ. అది నమ్ముతాను. నలుగురికీ చెప్తున్నాను కూడా." కుడి చెయ్యి ముందుకి చాపాడు. "దీన్ని ఎట్లా నమ్మమంటారు?"

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ చేతిని చూశారు. ఏదో ఒక బైబిలు వాక్యం ఎత్తుతారని జెకర్యా ఎదురుచూశాడు. ఆయన ఎత్తలేదు.

"ఆదివారం పొద్దున్నే కాలవ లాకుల దగ్గరికి రా. పొడి పంచె ఇంకోటి తెచ్చుకో."

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. జనవరి చలి, కాలవ నిండా నీళ్ళు. బాప్తిస్మానికి నలుగురు తెల్లబట్టలు కట్టుకుని నిలబడ్డారు. అందరిలోకీ చిన్నది దీవెన, పదిహేడేళ్ళది. సువార్త ఉంటే ఆ ఈడే. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. రాహేలు దీవెన పక్కన నిలబడి పిల్ల జడ ముడివేస్తోంది.

అయ్యగారు చేతికర్ర నాకిచ్చి మెట్లు దిగారు. రెండో మెట్టు మీద నాచు ఉంది. ఆయన కాలు జారింది. నిజంగా జారిందో, జారిందనిపించారో ఆయనకే తెలియాలి.

"ఒరే జెకర్యా, పట్టుకోరా!"

జెకర్యా తువాళ్ళు పడేసి దిగాడు. ముసలాయన భుజం పట్టుకున్నాక ఇక వెనక్కి రావడానికి వీల్లేకపోయింది. ఆయన ముందుకే నడిచారు. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. జెకర్యా మొహంలో నెత్తురు చుక్క లేదు.

అక్కడ అయ్యగారు ఆగి, అతనికి పక్కగా తిరిగి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు నిలబడినట్టే నిలబడ్డారు.

"ఏంటయ్యగారూ ఇది? మీకు బాప్తిస్మం అయి అరవై ఏళ్ళు కాలేదూ?"

"అయింది. అది ఒక్కసారే. నువ్వు బాప్తిస్మం మాటలేం పలక్కు."

అని వెనక్కి పడిపోయారు. ఒరగడం కాదు, నరికిన అరటిచెట్టు పడ్డట్టు పడ్డారు.

పాట ఆగిపోయింది. ఆ తెల్లజుట్టు మీద నీళ్ళు మూసుకోవడం మేమంతా చూశాం. నా పక్కన ఎవరో "ప్రభువా" అన్నారు. మరుక్షణం జెకర్యా రెండు చేతులూ నీళ్ళలోకి పోయాయి. కాలవ లాగుతోంది, తడిసిన పంచె బరువు, కాళ్ళ కింద బురద. అతను పళ్ళు బిగించి ఒక్క ఊపులో ఆయన్ని పైకి లేపాడు.

అయ్యగారు దగ్గారు, ఉమ్మారు, ముక్కు చీదుకున్నారు.

"మీకేమన్నా అయ్యుంటే?" జెకర్యా అరిచాడు. ఏడుస్తున్నాడు కూడా. అంత పెద్ద కేక అతని నోట మేమెప్పుడూ వినలేదు. "మీకు ఈత కూడా రాదు గదండీ!"

"రాదు. అది తెలిసే నీ చేతుల మీద పడ్డాను."

ఆయన చెయ్యి ఇంకా జెకర్యా పట్టులోనే ఉంది. అయ్యగారు మెల్లగా ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకుని, తన చేతిని అతని కళ్ళ ముందుకి ఎత్తారు. ఎముకలకి అంటుకున్న ఆ ముడతల చర్మం మీద అయిదు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"చూశావా? ఇంత గట్టిగా అక్కర్లేదు," అన్నారు. "పిల్లకి ఇందులో సగం చాలు. చలికి వణుకుతోంది, త్వరగా కానియ్."

ఆయన మెట్లవైపు నడిచారు. నేను కర్ర అందించాను.

జెకర్యా నీళ్ళలో ఒక్కడే మిగిలాడు. మొహం కడుక్కున్నాడు. దీవెనని పిలవడానికి గట్టువైపు తిరిగాడు.

పిలవాల్సిన పని లేకపోయింది. రాహేలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తనే మెట్లు దిగి, చీర నడుము దాకా తడుస్తున్నా నీళ్ళలో అతని దాకా నడిచి వెళ్ళి, ఆ చేతిని తీసి అతని కుడిచేతిలో పెట్టింది.